ముప్పై కాదు, అరవై

బెంగళూరు చిక్కపేటలో ఒక చీరల కొట్టు మేడమీద రెండేళ్ళపాటు ఆదివారం ఆదివారం కెమిస్ట్రీ పాఠాలు చెప్పాను. ఊరికే చెప్పాను. తర్వాత నలుగురిలో ఉన్నప్పుడు ఆ సంగతి ఏదో ఒక వంకతో ఎత్తేదాన్ని. మెచ్చుకునేవారు. ఆ కథలో ఒక మనిషిని మాత్రం ప్రతిసారీ వదిలేసి చెప్పేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది ఆమె గురించే.

నాది ఒంగోలు వైపు. ఎమ్మెస్సీ చదివి, చందాపుర దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేసే లాబ్‌లో చేరాను. ఈ క్లాసులు మొదలుపెట్టేనాటికి అక్కడ పదకొండేళ్ళయింది. చీర కొనడానికి చిక్కపేట వెళ్ళినప్పుడు ఆ కొట్టు యజమానితో మాటలు కలిశాయి. డెబ్బై ఏళ్ళ పెద్దాయన. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉంటున్న తెలుగువాళ్ళు. ఏం చదివావమ్మా అని అడిగి, కెమిస్ట్రీ అనగానే మడతపెడుతున్న చీర పక్కన పెట్టేశాడు.

"చూడమ్మా, చదువు నడుమన ఆపేసినోళ్ళు మా వాళ్ళల్లో చానామంది ఉండారు. ఓపెన్ స్కూలు పరీక్ష రాయిద్దామని మేడమీద క్లాసులు పెట్టినాము. ఇంగ్లీషుకి ఉండారు, లెక్కలకి ఉండారు. కెమిస్ట్రీకే ఎవరూ లేరు. ఆదివారం సొల్పసేపు వచ్చి చెప్పి పోరాదా?"

పెళ్ళి కాలేదు, ఆదివారాలు ఖాళీ. సరేనన్నాను.

ఐదుగురే విద్యార్థులు. కింద కొట్టులో చీరలు చూపించే అతను, బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, ఒక ఆటో డ్రైవరు, ఆమె. ఆమెకి నలభై దాటాయి, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. అదే వీధిలో ఇంకో కొట్టులో చీర కొంగులకి కుచ్చులు కట్టే పని. సూది, పట్టుదారం, పూసలు పట్టుకుని పొద్దున్నించీ సాయంత్రం దాకా తల వంచుకుని కూర్చోవాలి. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట పీయూసీలో, అంటే మన ఇంటర్‌లో, ఒక్క కెమిస్ట్రీ పోయింది. మళ్ళీ రాద్దామనుకునేలోగా పెళ్ళి చేశారు. అత్తగారిని చక్కెర పరీక్షకి నెలనెలా లాబ్‌కి తీసుకువెళుతూ, అక్కడ రక్తం తీసి, గొట్టాల మీద పేర్లు రాసి, మెషిన్లో పెట్టే అమ్మాయిని చూసి ఆ పని తనకి కావాలనుకుంది. పన్నెండో తరగతి పాసైతే లాబ్ టెక్నీషియన్ డిప్లొమాలో చేరవచ్చునని కనుక్కుని, మేడమెట్లు ఎక్కింది.

ఆ క్లాసులో చదువు మీద ఆకలి ఉన్న మనిషి ఎవరంటే ఆమే. మిగతావాళ్ళు నేను చెప్పింది రాసుకునేవాళ్ళు. ఆమె అడిగేది. "అట్ల ఎందుకైతాది మేడమ్?" అనేది. నాకు ముచ్చటేసేది. అప్పుడప్పుడూ విసుగూ వచ్చేది. ఆ విసుగుని నేను అంతగా పట్టించుకోలేదు.

రసాయన గణితం మొదలుపెట్టిన వారం ఎంపిరికల్ ఫార్ములా చెప్పాను. మేం చదువుకున్నప్పుడు అనుభావిక ఫార్ములా అనేవాళ్ళం. ఒక పదార్థంలో ఏ మూలకం ఎన్ని పాళ్ళు ఉందో, ఆ నిష్పత్తి మాత్రమే చెబుతుంది అది. అణువులో అసలు ఎన్ని పరమాణువులున్నాయో చెప్పేది అణుఫార్ములా. ఎసిటిలీన్, బెంజీన్ రెండింటికీ అనుభావిక ఫార్ములా CH ఒకటే, కానీ ఒకటి C₂H₂, ఇంకొకటి C₆H₆ అని బోర్డు మీద రాశాను. ఆటో డ్రైవరు తల గోక్కుని, "ఒకటే అయితే రెండెట్ల అవుతాయి మేడమ్?" అన్నాడు. ఇంకోలా ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తూ ఉండగా ఆమె అతని వైపు తిరిగింది.

"చూడప్పా. నేను కుచ్చు కడతాను గదా. ఒక ముడికి రెండు పూసలు, ఒక గజ్జె. అది చెప్తే నీకు కుచ్చు ఎట్లుంటాదో తెలుస్తాది. చీరకి ఎన్ని కుచ్చులు కట్టినానో తెలుస్తాదా? తెలీదు. దానికి ఇంకోటి తెలియాల. మొత్తం బరువో, ఏదో ఒకటి." అని నా వైపు చూసి, "అంతే గదా మేడమ్?" అంది.

"అంతే. ఆ ఇంకొకటే అణుభారం. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను" అన్నాను. ఆమె చేత్తో నోరు మూసుకుని నవ్వింది. ఆటో డ్రైవరు చప్పట్లు కొట్టాడు. ఆ మాట నేను మనసారానే అన్నాను.

ఆ తర్వాతి వారం ఫ్యాక్టరీలో తనిఖీ జరిగింది. బయటివాళ్ళు వచ్చి మా లాబ్ రిజిస్టర్లన్నీ తిరగేశారు. ఒక పేజీలో నా సంతకం పక్కన తేదీ లేదని అందరి ముందూ నిలబెట్టి అడిగారు. ఆ ఆదివారం నేను పాఠం చూసుకోకుండా, తలనొప్పితో వెళ్ళాను. పుస్తకం తెరవకుండానే నోటికొచ్చిన లెక్క ఒకటి ఇచ్చాను. కార్బన్ నూటికి నలభై పాళ్ళు, హైడ్రోజన్ ఆరు పాయింట్ ఏడు, మిగతాది ఆక్సిజన్. బాష్ప సాంద్రత, అంటే వేపర్ డెన్సిటీ, ముప్పై. అణుఫార్ములా కట్టండి.

నేనే బోర్డు మీద చేసుకుంటూ పోయాను. పాళ్ళని పరమాణు భారాలతో భాగించాను. వచ్చినవాటిలో చిన్నదాంతో మళ్ళీ భాగించాను. ఒకటి, రెండు, ఒకటి. అనుభావిక ఫార్ములా CH₂O. దాని భారం పన్నెండూ రెండూ పదహారూ కలిపి ముప్పై. ఇచ్చిందీ ముప్పై, వచ్చిందీ ముప్పై కాబట్టి అణుఫార్ములా కూడా అదేనన్నాను. కింద గీత కొట్టి సుద్దముక్క పెట్టేశాను.

"మేడమ్, ఒక డౌటు ఉండాది" అంది ఆమె.

"చెప్పండి."

"లెక్కలో ఇచ్చింది వేపర్ డెన్సిటీ గదా, అణుభారం కాదు గదా. దాన్ని రెండింతలు చెయ్యాల గదా మేడమ్? ముప్పై కాదు, అరవై."

ఆమె గొంతులో గెలిచిన ధ్వని ఏమీ లేదు. ఎప్పుడూ అడిగేలాగే అడిగింది. ఒక్కసారి వెనక్కి తిరిగి బోర్డు చూస్తే సరిపోయేది. నేను చూడలేదు. వారమంతా ఎవరెవరో నా తప్పులు వెతికారు, ఇప్పుడు ఈమె కూడానా అనిపించింది.

"పదకొండేళ్ళ నుంచి లాబ్‌లో ఇదే పని చేస్తున్నానండీ నేను. ఇదేం కుచ్చులు కట్టడం కాదు" అన్నాను.

అక్కాచెల్లెళ్ళలో చిన్నామె తన పుస్తకంలోకి తల దించేసింది. ఆమె "సరే మేడమ్" అంది. పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసుకుంది.

నేనన్న దాంట్లో మొదటి మాట అబద్ధం. లాబ్‌లో నేను చేసేది ఆ పని కాదు. మెషిన్ గీసిన గీతలు చూసి, అంకెలు సరిపోయాయని సంతకం పెడతాను. కాగితం మీద ఫార్ములా కట్టి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. రెండో మాట అబద్ధం కాదు, అంతకంటే హీనమైనది. వారం కిందట ఏ పని చూపించి ఆమె నాకంటే బాగా పాఠం చెప్పిందో, అదే పనిని ఆమె మొహాన కొట్టాను.

మధ్యాహ్నం మార్కెట్ నుంచి చందాపుర బస్సు ఎక్కాను. సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఎప్పటిలాగే ఆగిపోయింది. కిటికీ పక్కన కూర్చుని ఊరికే ఆ లెక్క మళ్ళీ వేసుకున్నాను. బాష్ప సాంద్రత అంటే ఆ ఆవిరి హైడ్రోజన్ వాయువు కంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె. హైడ్రోజన్ అణువు భారం రెండు. అందుకే అణుభారం కావాలంటే రెండింతలు చెయ్యాలి. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదివిన పాఠం. అరవై. అంటే CH₂O ని రెండుతో గుణించాలి. C₂H₄O₂, అసిటిక్ ఆమ్లం, బజారు పచ్చళ్ళలో వేసే వెనిగర్‌లోది. నేను బోర్డు మీద గీత కొట్టి చూపించింది ఫార్మాల్డిహైడ్, శవాలు చెడిపోకుండా వాడేది. ఫోన్ తీశాను. ఆమె నంబరు నా దగ్గర ఉంది. క్లాసు గ్రూపూ ఉంది. వచ్చే ఆదివారం ఎదురుగా చెబితేనే బాగుంటుందని నాకు నేను సర్ది చెప్పుకుని ఫోన్ సంచిలో పెట్టేశాను.

వారం రోజులూ ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. "పోయిన వారం ఆవిడ అడిగింది సరైనది. నేనే తప్పు చేశాను. అన్న మాటకి క్షమించండి." మూడే వాక్యాలు. అద్దం ముందు కూడా అనుకున్నాను.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఆమె అందరికంటే ముందే వచ్చి ఉంది. బోర్డు తడిగుడ్డతో తుడిచి పెట్టింది. జడలో కనకాంబరాలు పెట్టుకుంది. నన్ను చూసి, "తలనొప్పి తగ్గిందా మేడమ్?" అంది. పోయినవారం నాకు తలనొప్పి అని నేను ఎవరికీ చెప్పలేదు. ఆమే కనిపెట్టినట్టుంది. తగ్గిందన్నాను. అందరూ రానీ, అందరి ముందే చెబుదాం అనుకున్నాను.

అందరూ వచ్చారు. వాళ్ళ వెనకే పెద్దాయన కూడా, తెల్లపంచెలు కట్టుకున్న మరో ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా మేడమ్ పాఠం చూడాలన్నారమ్మా వీళ్ళు. మీరు కానియ్యండి" అని వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ ముగ్గురూ చేతులు కట్టుకుని నా వైపే చూస్తున్నారు. ఆ మూడు వాక్యాలూ వదిలేసి సుద్దముక్క తీసుకున్నాను.

"పోయిన వారం లెక్క కొంతమంది తప్పుగా దించుకున్నట్టున్నారు. సరిచేసుకోండి. బాష్ప సాంద్రతని రెండుతో గుణించాలి" అన్నాను.

"మేడమ్, బోర్డు మీద మీరే..." అని కొట్టు అతను ఏదో అనబోయాడు.

"నేను సగంలో ఆపాను. మీరు తొందరపడ్డారు" అన్నాను.

అప్పుడు ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. అర్థం కానిది ఏదో చదువుతున్నట్టు చూసింది. తర్వాత పుస్తకంలో తాను పోయినవారం రాసుకున్నదాన్ని ఒక్క గీతతో కొట్టేసింది. వెనక నుంచి పెద్దమనుషుల్లో ఒకాయన, "బాగా చెప్తాదప్పా ఈయమ్మ" అన్నాడు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు వచ్చింది. ఒక్క డౌటూ అడగలేదు. నేనే రెండుసార్లు ఆమె వైపు చూసి, అర్థమైందా అని అడిగాను. "అయింది మేడమ్" అంది. నాలుగో ఆదివారం రాలేదు. పెళ్ళిళ్ళ సీజను, కుచ్చుల పని ఎక్కువైందట అని అక్కాచెల్లెళ్ళు చెప్పారు. నేను నమ్మాను. నమ్మడమే నాకు సుఖంగా ఉంది. ఆమె పనిచేసే కొట్టు మేము క్లాసు చెప్పుకునే మేడకి వంద అడుగుల దూరం కూడా లేదు. ఒక్కసారి వెళ్ళి పలకరించలేదు. పరీక్షల తర్వాత ఆటో డ్రైవరు పాసయ్యానని మైసూరుపాకు పట్టుకొచ్చాడు. ఆమె ఎలా రాసిందని అడిగితే, "రాయలేదు మేడమ్, ఫీజు కట్టి కూడా రాలేదు" అన్నాడు. మరుసటి ఏడు మేడని గోడౌనుకి ఇచ్చేశారు. క్లాసులు ఆగిపోయాయి.

నాలుగేళ్ళు గడిచాయి. ఈమధ్యే, మా వైపు పసుపు లైను మెట్రో వచ్చాక, మా చెల్లెలి ఇంట్లో పెళ్ళికని చీర తీసుకుని చిక్కపేట వెళ్ళాను. కుచ్చులు కట్టించాలి. మా ఇంటి దగ్గర కూడా కట్టేవాళ్ళున్నారు. అయినా అంత దూరం వెళ్ళాను. ఎందుకో నాకు తెలుసు.

ఆమె అదే కొట్టులో, అదే మూల కూర్చుని ఉంది. కళ్ళద్దాలు వచ్చాయి. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"కూర్చోండి మేడమ్. బాగుండారా? ఎన్ని దినాలైంది!" అని స్టూలు తుడిచి వేసింది. చీర విప్పి కొంగు పోగులు చేత్తో సవరించి చూసింది. ఏ రంగు పూసలు బాగుంటాయో చెప్పింది. ఆమె మాట్లాడుతూనే ఉంది, నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

"ఆ రోజు మీరు చెప్పిందే సరైనది" అన్నాను. "నాకు బస్సులోనే తెలిసింది. మరుసటి వారం ఒప్పుకోవాల్సింది పోయి మీ అందరి మీదకీ నెట్టాను. అంతకుముందు అన్న మాటైతే..."

ఆమె పూసల డబ్బా మూత పెట్టింది.

"తెలుసు మేడమ్. ఆ పొద్దే ఇంటికి పోయి పుస్తకం చూసినాను. నేను చెప్పిందే కరెక్టుగా ఉండాది. ఎంత సంతోషమైందో! మా ఇంటాయనకి పుస్తకం చూపించి, వచ్చే ఆదివారం చూడు, మేడమే ఒప్పుకుంటారు అని చెప్పినాను. కుచ్చుల మాటకి బేజారయింది, లేదనను. కానీ తలనొప్పిలో అన్నారులే అనుకున్నాను. పూలు పెట్టుకుని వచ్చినాను ఆ పొద్దు."

పూసల డబ్బా పక్కకి జరిపింది.

"మీరొచ్చి, తప్పుగా దించుకున్నారు అన్నారు. నా పక్క చూడను కూడా చూడలేదు. సరిగ్గా చెప్పినా తప్పు నాదే అయితాది అనిపించింది మేడమ్. ఇరవై ఏళ్ళు ఇంట్లో అదే చూసినాను. చదువులో అట్లుండదు అనుకున్నాను."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వస్తుందని బిగపట్టుకున్నాను. ఇప్పుడైనా మొదలుపెడదాం, నేను ఇంటికొచ్చి చెబుతాను, ఏ వారం అయినా సరే అన్నాను.

"ఇప్పుడు వద్దులెండి. నా రిజిస్ట్రేషను గడువు అయిపోయింది. మా అత్త మంచంలోనే ఉండాది. కంటికి సన్న అక్షరాలు ఆనవు. అప్పుడు ఏదో జోరు ఉండె." అని చీర మడతపెట్టి, "బుధవారానికి ఇస్తాను" అంది.

ఇంటికి వచ్చి ఆ పాత గ్రూపు వెతికాను. నాలుగేళ్ళుగా అందులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ లేవు. పెద్దాయన కూడా అందులో ఉన్నాడు. అక్కడ రాశాను. ఆ లెక్క ఏమిటో, నేను బోర్డు మీద ఏం తప్పు రాశానో, ఎవరు దాన్ని పట్టుకున్నారో, నేను ఆమెని ఏమన్నానో, తర్వాతి వారం పెద్దమనుషుల ముందు పరువు పోతుందని ఎలా బొంకానో అన్నీ రాశాను. రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కొట్టు అతను దండం బొమ్మ పెట్టాడు. ఆటో డ్రైవరు, "నాకు అప్పుడే తెలుసు మేడమ్, మీరు పెద్దవాళ్ళు గదా అని నేనేమీ అనలేదు" అని రాశాడు. పెద్దాయన ఏమీ రాయలేదు. ఆమె చదివినట్టు గుర్తు కనిపించింది, జవాబు మాత్రం రాలేదు.

బుధవారం సాయంత్రం వెళ్ళాను. చీర సిద్ధంగా ఉంది. కొంగు విప్పి చూపించింది. ఇంత సన్నటి పని నేనెక్కడా చూడలేదు. బాగుందన్నాను. చీర కవరులో పెడుతూ ఆమే అంది:

"మెసేజి చూసినాను మేడమ్. మా ఇంటాయనకి చదివి వినిపించినాను."

"ఏమన్నారు?"

"ఏమంటాడు. ఆ పొద్దే మేడమ్ ఈ మాట చెప్పింటే నువ్వు పరీక్ష రాసుండేదానివి గదా అన్నాడు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. కొట్టులోకి ఎవరో ఐదారు చీరలు పట్టుకుని వచ్చారు. ఆమె నాకు కవరు అందించి, "జాగ్రత్తగా పోండి మేడమ్, ఈ టైములో జనం ఎక్కువ" అని వాళ్ళ వైపు తిరిగింది. నేను కాసేపు గుమ్మం పక్కన నిలబడ్డాను. ఆమె చీరలు ఒక్కొక్కటే విప్పి పోగులు చూస్తోంది. మళ్ళీ తలెత్తలేదు. నేను జనంలో పడి స్టేషను వైపు నడిచాను.